ధర కట్టే డబ్బా, నేను

“ఏమందమే?”

“నన్నెందుకడుగుతవ్? పోయి నీ డబ్బానడుగు.”

తన ఆపరేషన్‌కు సరేనందామా వద్దందామా అని దవాఖానలో మా ఆయన అడిగిన మాట, నేనిచ్చిన జవాబు ఇవే. నవ్వుకుంటూ ఆపరేషన్ గదిలోకి పోయినవాడు ప్రాణంతో బయటికి రాలేదు. నిన్న జనగామలోని మా దుకాణంలో, మా చెల్లెలి కూతురు ఆ కంప్యూటర్ డబ్బా ముందు కూర్చుని ఎవరికో తలుపుల ధర చెబుతుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నా కడుపు మండింది. అందుకే ఆ పిల్లతోనే ఇది రాయిస్తున్నాను.

మాది వడ్రంగం. ఎవరు బేరానికి వచ్చినా ఆయన గడప దగ్గరకు వచ్చి “ఏమందమే?” అనేవాడు, నేను పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, చెక్క మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్ల ముఖం చూసి ఒక మాట చెబితే అదే ధర. సంతకం దాకానే నా చదువు, అయినా ఆ మాటతో నేనే దుకాణానికి పెద్దనన్నట్టు ఉండేది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన ఈ డబ్బా కొన్నాడు. కట్టె ఎంత, కూలి ఎంత, పాలిష్ ఎంత అని కొడితే తానే ధర కట్టి కాగితం మీద ఇచ్చే సాఫ్టువేరట. తప్పు చెప్పేది కాదు, అదే నా ఏడుపు. నాకు చీర తెమ్మంటే మరిచే మనిషి, దానికి దుమ్ము పడకూడదని మఖ్మల్ గుడ్డ తెచ్చి నాతోనే ముసుగు కుట్టించాడు; దసరా నాడు ఉలి కన్నా ముందు దానికే బొట్టు పెట్టాడు. సవతి అయితే తిరిగి కొట్లాడనైనా కొట్లాడేది, ఇది ఊరికే మెరుస్తూ కూర్చునేది.

అంతలో సమ్మె వచ్చింది. భూపాలపల్లి బొగ్గుబాయిలు ఆగిపోయాయి, కరెంటు గంటలకొద్దీ పోయేది, డబ్బా మూతి నల్లగా పెట్టుకునేది. మహబూబాబాద్ నుంచి దర్వాజల కోసం వచ్చిన ఆసామి ఎదురుచూస్తుంటే, మా ఆయన తల గోక్కుంటూ గడప దగ్గరకు వచ్చి మళ్లీ “ఏమందమే?” అన్నాడు. నేను చాయ్ తాగడం అయ్యేదాకా కావాలనే చెప్పలేదు. బాయిలో పనిచేసే మా మరిది ఇంటికొస్తే, “జర గట్టిగుండుండ్రి, తెలంగాణ వచ్చేదాక సమ్మె ఇడువకుండ్రి” అన్నాను. “మా వదినకు గింత పట్టుదలనా!” అని మురిసిపోయాడు పాపం. తెలంగాణ నాకూ కావాలి, కాని కరెంటు లేని ఆ గంటలు అంతకన్నా ఎక్కువ కావాలి.

తెలంగాణ వచ్చింది. కరెంటూ వచ్చింది, ఇప్పుడది పోదు. మంచిదే, బోర్లు నడుస్తున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు. నన్ను అడిగేవాళ్లే లేరు. కాని ఆ రోజు దవాఖానలో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి, డాక్టరమ్మ ముందు కంప్యూటర్ కూడా ఉంది. అయినా ఆయన నా దిక్కే చూసి, నన్నే అడిగాడు.

బిడ్డా, జర ఆ మొదటి మాట మళ్లొకసారి చదువు. ఆయనది చాలు, నాది వద్దు.