నర్సింలు చేతిలో విరిగిన స్ప్రింగు

నా చేతి పట్టును ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వయసులో కూడా కొబ్బరికాయను గుప్పిట్లో పట్టి పీచు లాగేస్తే చూసినవాళ్ళు నోరు తెరుస్తారు. "ఏం పట్టు కాకా!" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా లేచి వాళ్ళ నోరు మూయాలనిపిస్తుంది. నా గుండె మీద ఒక బరువుంది. పడుచు వయసులో ఎత్తుకున్నది, తల పండినా దించలేదు. పెళ్ళాంతో చెప్పలేదు. దేవుడికి చెప్పలేదు, చెప్పడానికి ఆ దేవుడి ముందే చేసిన పని అది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పటికి మా రాష్ట్రం పేరు ఇంకా మైసూరే. మా నాయనకు బీదరు గంజ్‌లో ధాన్యం దుకాణం ఉండేది. నాకు చదువబ్బలేదు, దుకాణంలో కూర్చునే ఓపిక అంతకన్నా లేదు. నౌబాద్ వైపు మా మేనమామకు వెల్డింగు షాపు ఉంటే అందులో చేరాను. పొద్దంతా ఇనుముతో పని. సాయంత్రం తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, సాధన. మా ఉస్తాద్ పాతకాలపు మనిషి, మాట తక్కువ, దెబ్బ ఎక్కువ. ఆయన లెక్కలో కుస్తీ అంటే ముందు చెయ్యి. పట్టు లేనివాడికి ఎన్ని పేచీలు, ఎన్ని ఎత్తులు నేర్పినా దండగ అనేవాడు.

పట్టు కోసం మేం స్ప్రింగు నొక్కేవాళ్ళం. రెండు పిడులు, మధ్యలో చుట్టిన ఉక్కు తీగ. పిడులు రెండూ కలిసి టక్కుమనాలి. హైదరాబాదు నుంచి తెచ్చిన బజారు స్ప్రింగులు మా తాలీం వాళ్ళ చేతుల్లో ఎన్నాళ్ళో నిలిచేవి కావు. నేను వాటిని మార్చడం మొదలుపెట్టాను. లారీల వాళ్ళు పారేసిన వాల్వు స్ప్రింగును కొలిమిలో కాల్చి విప్పి, కమ్మీ మీద మళ్ళీ చుట్టి, నూనెలో ముంచి పదును పెట్టేవాణ్ణి. పిడులను లోపలి వైపు ఆకురాయితో అరగదీస్తే అవి కలవడానికి చెయ్యి ఇంకా లోపలికి ముడుచుకోవాలి. పిడిని పొట్టి చేస్తే బలం ఇంకా ఎక్కువ కావాలి. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. చేసి చూసి, వేళ్ళు చిట్లగొట్టుకుని నేర్చుకున్నాను. ఆ గర్వం ఉండేది నాకు, కాదనను. ఒళ్ళంతా ఉండేది.

ఒక ఏడు ఉస్తాద్ నన్ను పిలిచి, తాలీం కోసం ఒక్క స్ప్రింగు చెయ్యమన్నాడు. ఎవడికీ లొంగనిది కావాలన్నాడు. చేశాను. దాన్ని హనుమంతుడి పటం ముందు పెట్టారు. దాన్ని శుభ్రం చేసి నూనె రాసే పని నాకే అప్పజెప్పారు. నాగపంచమి కుస్తీలకు మా తాలీం తరఫున మొదటి జోడీలో దిగేవాడు ఆ స్ప్రింగును నలుగురి ముందు టక్కుమనిపించాలి. అది ఉస్తాద్ పెట్టిన షరతు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అది ముందు నుంచీ ఉన్నదే. పటం ముందు పెట్టిన సామాను ఎవడి చేతిలో విరిగితే వాడిలో ఏదో దోషం ఉన్నట్టు. మళ్ళీ పంచమి వచ్చేదాకా వాడు గోదా మట్టి తొక్కకూడదు. ఎందుకు విరిగింది, ఎట్లా విరిగింది అని అడిగేది లేదు.

మొదటి జోడీ నాదే అనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు. నేను చేసిన స్ప్రింగు, నేను సాధన చేసిన స్ప్రింగు. నేను నొక్కితే మొదట్లో పిడుల మధ్య వేలెడు సందు మిగిలేది. తర్వాత వడ్లగింజంత మిగిలింది. అప్పుడొచ్చాడు నర్సింలు.

మన్నళ్ళి నుంచి పొద్దున్నే సైకిలు మీద పాలు తెచ్చి బీదరులో పోసేవాడు. నాకన్నా చిన్న. కుస్తీ మీద ఆశతో తాలీంలో చేరాడు. పేచీలు సరిగా రావు, కాళ్ళు నిలవవు, కానీ ఒకసారి మణికట్టు పట్టాడంటే విడిపించుకునేవాడు లేడు. ఊహ తెలిసినప్పటి నుంచి బర్రెలు పితికిన చెయ్యి అది. ఒకరోజు పటం ముందు దండం పెట్టుకుని, ఆ స్ప్రింగును చేతిలోకి తీసుకున్నాడు. ఎవరితోనో ఏదో మాట్లాడుతూనే నొక్కాడు. టక్కుమంది. తాలీం అంతా వాడి వైపు తిరిగింది. వాడు మాత్రం నవ్వి, "గిదేంది ఉస్తాద్, మా కుంటి బర్రె చన్ను దీనికన్న గట్టిగుంటది" అన్నాడు.

పగలబడి నవ్వారు అందరూ. ఎప్పుడూ నవ్వని ఉస్తాద్ నవ్వాడు. నా వైపు చూసి మరీ నవ్వాడు.

ఆ నవ్వు నన్ను ఎంత కాల్చిందో మీకు చెప్పలేను. వాడు నన్ను ఎగతాళి చెయ్యలేదు. ఆ స్ప్రింగు చేసింది నేనని వాడికి తెలుసో లేదో కూడా నాకు తెలియదు. కానీ నేను చర్మం ఊడేలా సాధన చేసినా లొంగనిది వాడికి బర్రె చన్ను. ఎవడి మీద కోపం రావాలి నాకు? బర్రెల మీదా? వచ్చింది, నవ్వకండి. బర్రెల మీద కూడా వచ్చింది.

పంచమికి ముందు పరీక్ష. దానికి ముందురోజు మధ్యాహ్నం, నూనె రాస్తానని చెప్పి స్ప్రింగును షాపుకు తీసుకుపోయాను. మామ భోజనానికి వెళ్ళాడు. పిడిని ఊడదీసి, తీగ పిడిలోకి దిగే చోట ఆకురాయితో కోత పెట్టాను. సగం దాకా కోశాను. పిడి మళ్ళీ బిగించి, సందులో లక్క పూసి మసి రాశాను. మామూలుగా పట్టుకుంటే ఏమీ కాదు. పూర్తిగా నొక్కితేనే విరుగుతుంది. పూర్తిగా నొక్కగలిగినవాడు మా తాలీంలో ఒక్కడే.

విరగాలి, వాడు ఏడాది పాటు మట్టి తొక్కకూడదు. నాకు కావలసింది అంతే. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. కుర్రతనం, ఈర్ష్య, అంతే, చెయ్యి పోతుందని నాకేం తెలుసు, అని. ఎన్నిసార్లు చెప్పుకున్నానో! అబద్ధం. పచ్చి అబద్ధం. ఇక్కడే అసలు సంగతి ఉంది, ఇది రాయడానికే ఇంతసేపూ నాన్చుతున్నాను. కోత ఎంత లోతు పెట్టాలో చూసుకోవడానికి నేను ముందు అదే తీగ ముక్క ఒకటి తీసుకుని, అట్లాగే కోసి, చెక్కకు ఆనించి వైసులో బిగించి వంచి చూశాను. అది విరిగింది. విరిగిన మొన పోయి చెక్కలో దిగబడింది. పట్టకారుతో లాగితే గాని రాలేదు. చూశాను నేను. ఈ కళ్ళతోనే చూశాను. చెక్క ఉన్నచోట రేపు అరచెయ్యి ఉంటుందని ఇనుముతో బతికేవాడికి ఇంకొకడు చెప్పాలా? తెలిసే కోశాను. చూసిన తర్వాతే అసలు తీగను కోశాను.

మర్నాడు పరీక్షలో మొదట పట్టాల్సింది నేను. పెద్దవాణ్ణి గదా. "నువ్వే ముందు పట్టు తమ్మీ" అన్నాను. అందరికీ నా మంచితనం తెగ నచ్చింది. నర్సింలు మొహమాటపడి, నా కాళ్ళకు మొక్కబోయి, ఉస్తాద్ కాళ్ళకు మొక్కి స్ప్రింగు అందుకున్నాడు. ఈసారి మాట్లాడలేదు, నవ్వలేదు. పెద్దల ముందు పరీక్ష అని పళ్ళు బిగించి ఉన్న బలమంతా పెట్టాడు. అంత అక్కరలేదు వాడికి. ఎప్పటిలా ఆడుతూ నొక్కి ఉంటే అంత లోతు దిగేది కాదేమో.

అరిచాడు. తీగ మొన బొటనవేలి మొదట్లో దిగి, అరచేతిని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది. ఉస్తాద్ నెత్తురు చూశాడు, విరిగిన సామాను చూశాడు. "బయటికి తీస్కపోండి. మట్టి మీద నెత్తురు పడనీయకుర్రి" అన్నాడు. అంతే అన్నాడు! ఆ ముసలాడి మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. ఒక్కసారి వంగి ఆ విరిగిన చోటు చూసి ఉంటే ఆకురాయి గీతలు గుడ్డివాడికైనా కనబడేవి. దోషం ఉన్నవాడి చేతిలోనే విరుగుతుందట. చూడరట. అడగరట. ఆ కట్టు నన్ను కాపాడింది, థూ. ముక్కలు నేనే ఏరుకుని, సాయంత్రం కొలిమిలో వేశాను.

దవాఖానాకు తీసుకుపోయింది కూడా నేనే. నా తువ్వాలే చుట్టి, నా సైకిలు మీదే కూర్చోబెట్టుకుని తొక్కాను. కుట్లు వేశాక వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయింది. నా వైపు చూసి అన్నాడు:

"అన్నా, ఉస్తాద్‌కు జర చెప్పు. నేను గావాలని ఇరగ్గొట్టలె."

"ఎరుకే తియ్యి" అన్నాను.

"సామి ముంగట సామాను గట్ల ఊకె ఇరగదన్నా. నాతోనే ఏదో తప్పయింది. మొన్న బర్రె తక్కువిస్తే పాలల్ల నీళ్ళు కలిపిన. ఒక్కపారే కలిపిన, అమ్మతోడు. గదే తగిలినట్టుంది."

నేను నెత్తురైన నా తువ్వాలు మడత పెడుతున్నాను.

"నా తరఫున నువ్వు మాఫీ అడుగన్నా. నువ్వడిగితే ఉస్తాద్ ఇంటడు."

"అడుగుత" అన్నాను.

అడుగుత అన్నాను! వాడి తప్పుకు నేను మాఫీ అడుగుతానన్నాను. అడిగాను కూడా, ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి, తల వంచుకుని. ఆయన నా భుజం తట్టాడు. స్ప్రింగు లేదు గనక షరతూ లేదు, పంచమి రోజు మొదటి జోడీలో నేనే దిగాను. గెలిచాను. తలకు రుమాలు చుట్టి, హల్గీ డప్పులు వాయిస్తూ బీదరు బజార్లలో తిప్పారు.

నర్సింలు కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్ళు ఇక ముడవలేదు. మూడు వేళ్ళు రాని చెయ్యి బర్రెను ఏం పితుకుతుంది? ఎడమ చేత్తో ప్రయత్నించాడు. వాళ్ళావిడ ఎల్లమ్మ పితకడానికి కూర్చుంది. మొదటి నుంచీ వాడి చేతికే అలవాటుపడ్డ బర్రెలు, కొత్త చెయ్యి తగిలితే చేపలేదు. తన్నాయి, పాలు ఎగబట్టాయి, ఒకటొకటే ఎండిపోయాయి. చివరికి ఔరాద్ పశువుల అంగడికి తోలారు. పగ్గం పట్టడానికి చెయ్యి చాలదని నన్ను తోడు రమ్మంటే వెళ్ళాను. ఆ కుంటి బర్రె పగ్గం నేనే పట్టుకున్నాను. బేరగాడు తోలుకుపోతుంటే అది వెనక్కి తిరిగి అరుస్తోంది, నర్సింలు అటు తిరిగి నిలబడ్డాడు. అక్కడైనా చెప్పవచ్చు కదా? నోరు పడిపోయిందా నాకు? "ఫికర్ చెయ్యకు తమ్మీ, నేనున్న" అన్నాను. ఈ నాలుకను ఏం చేసినా పాపం లేదు.

ఆ తర్వాత వాడు పక్కవాళ్ళ జొన్న చేలకు కావలి ఉండి, పిట్టలు తోలి బతికాడు. నేనున్నానన్న మాట నిలబెట్టుకున్నాను లెండి, అదొక రోత. పిల్లల చదువులకు, పెళ్ళిళ్ళకు ముందుండి చేశాను. మన్నళ్ళిలో నా పేరు చెబితే చేతులెత్తి మొక్కుతారు. ఎల్లమ్మ నన్ను చూస్తే చాలు, "మా పాలిట దేవుడవు అన్నా" అంటుంది. ఆ మాటకు నేను కసురుకుంటాను. పెద్దమనిషి, పొగడ్త గిట్టదు అనుకుంటుంది పిచ్చితల్లి.

కట్టు ప్రకారం ఏడాది గడిస్తే నర్సింలు మళ్ళీ మట్టి తొక్కవచ్చు. తొక్కలేదు. ప్రతి పంచమికీ వస్తాడు. చెప్పులు విడిచి, తాలీం గడప బయటే నిలబడి లోపలున్న పటానికి దండం పెడతాడు. ఉస్తాద్ పోయాడు, కొత్త పిల్లలు వచ్చారు, లోపలికి రమ్మని వాళ్ళు పిలుస్తారు. "వద్దు బిడ్డా, నా చెయ్యి మంచిది కాదు" అంటాడు. పోయినేడు కూడా అన్నాడు. నేను లోపల పెద్దల వరసలో కుర్చీలో కూర్చుని ఉన్నాను.

వెళ్ళి చెప్పు అంటారు మీరు. నాకు తెలుసు, అంటారు. అనడానికేం, మీ సొమ్మేం పోయింది? బీదరు నుంచి మన్నళ్ళి ఎంత దూరం? బస్సు ఎక్కితే దిగేలోపు కునుకు కూడా పట్టదు. వాడు బతికే ఉన్నాడు, చెవులు బాగానే వినిపిస్తాయి. చెప్పడానికి అడ్డం ఏముంది? నా కుర్చీ ఉంది. ఎల్లమ్మ మొక్కే మొక్కు ఉంది. నన్ను తిడతాడని భయం కాదు. తిట్టడేమోనని భయం. "పోనీ తియ్యన్నా" అంటే ఏం చేసుకుని చావను?

ఇంకో మాట కూడా చెప్పి తీరాలి. నర్సింలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కానీ ఆ ఇంటి పిల్లలు, వాళ్ళ పిల్లలు అందరూ బడిలో కన్నడం చదివినవాళ్ళు. తెలుగు అక్షరం చదవగలిగినవాడు ఆ ఇంట్లో ఒక్కడూ లేడు. నాకు మా నాయన చిన్నప్పుడు పలక మీద దిద్దించాడు కాబట్టి వచ్చింది. కన్నడం కూడా రాయగలను నేను, బాగానే రాయగలను. అయినా ఇది తెలుగులో రాస్తున్నాను. ఎందుకో మీకు అర్థమై ఉంటుంది. నా బుద్ధి ఇంకా అదే బుద్ధి.

ఇవాళ షాపు కట్టేసే ముందు, లోపల ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి నోటితో అని చూశాను. పుస్తకం భాషలో కాదు, వాడితో మాట్లాడే మాటల్లోనే అన్నాను. "నర్సింలూ, నీతోని ఏ తప్పు గాలె. నీ చెయ్యి మంచిదే. ఆ తీగె కోసింది నేను. ఏమైతదో ఎరుక ఉండి కోసిన."

ఎవరూ వినలేదు. అయినా ఊపిరి కాస్త ఆడింది. దానికి కూడా నా మీద నాకు కోపమే.