పైతోపులో పడక

మా తమ్ముడు డెరెక్ కుదురుగా కూర్చోవడం నేను చూసింది ఒక్క కారులోనే. అదీ పక్క సీట్లో. బతుకంతా మా హేజల్‌డెన్ ఊరి పిల్లలకు డ్రైవింగ్ నేర్పాడు. "అద్దం చూడు, సిగ్నలివ్వు, అప్పుడు కదులు" అని చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నాడు. పిట్ట మనిషి కూడా లేని రోడ్డు మీద సిగ్నల్ వేసి మరీ మలుపు తిరుగుతాడు. పక్కింటివాళ్ళ ఆపిల్ చెట్టు కాయ తన పెరట్లో రాలితే ఏరుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు పెట్టొస్తాడు. అలాంటివాడు ఎవరిదో అడవిలో దొంగచాటుగా పడుకుని పట్టుబడ్డాడంటే ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. నేను నమ్మాను. అంతకు నెలరోజుల ముందు నుంచీ వాడి బూట్లకు అంటిన ఆకులు నేనే దులుపుతున్నాను మరి.

ఇదంతా వాడి భార్య ఎనిడ్ పోయాక మొదలైంది. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో వాడు మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాడు. ఇంటికి పొమ్మంటే పోలేదు. చివరికి ఒక తెల్లవారుజామున కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఎనిడ్ లేదు. "చాలామంది అంతేనండీ, మనం చూడనప్పుడే వెళ్ళిపోతారు" అని నర్సు ఓదార్చింది. ఆ మాట వాడి చెవిన పడిందో లేదో నాకు తెలీదు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో మాత్రం వాడి కంటి మీద కునుకు లేదు. కాలుగాలిన పిల్లిలా మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు. నేను రెండిళ్ళ అవతల ఉంటాను. ఎప్పుడు కిటికీలోంచి చూసినా వాడింట్లో దీపం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూనే ఉండేది.

డాక్టరిచ్చిన మాత్రలు పని చెయ్యలేదు. లైబ్రరీ గోడ మీద కాగితం చూసి, అడవిలో బతకడం నేర్పే వాళ్ళ దగ్గరికి రెండు రోజులు పోయాడు. పుల్లలు రుద్ది నిప్పు పుట్టించడం, కొమ్మల మధ్య టార్పాలిన్ పట్టా కట్టుకోవడం, కర్ర చెక్కి గరిటె చెయ్యడం, ఇవన్నీ నేర్పుతారట. అరవై దాటిన మనిషికి ఈ గొడవెందుకని నేను నవ్వాను. కానీ ఆ పట్టా కింద వాడు మొద్దులా నిద్రపోయాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే వాడి ముఖం చూసి నా నవ్వు ఆగిపోయింది.

ఆ రెండు రోజులయ్యాక మళ్ళీ నిద్ర లేదు. కావలసింది ఒక అడవి. మా ససెక్స్‌లో అడవులకేం కొదవ లేదు గాని, ప్రతి చెట్టుకూ ఒక యజమాని ఉంటాడు. దారి ఉన్నచోట నడవచ్చు, నడుం వాల్చకూడదు. వాడు ఆగలేక నెలరోజుల పాటు కొండవాలున ఉన్న వేట అడవిలో దొంగచాటుగా పడుకున్నాడు. అది ఫెజెంట్ అనే అడవికోళ్ళను పెంచి తుపాకులతో వేటాడే పెద్దమనుషులది. ఒకరోజు తెల్లారి కాపలావాడు కుక్కతో వచ్చి లేపి, బడి బస్సు ఆగే వేళకు సరిగ్గా ఊరి నడిబొడ్డు మీదుగా నడిపించుకొచ్చాడు. బస్సు నడిపే కుర్రదీ వాడి దగ్గర నేర్చుకున్నదే.

"నన్ను దొంగను చూసినట్టు చూశారు, బెరిల్," అన్నాడు డెరెక్ నాతో. "ఇక యజమాని నోటితో సరే అంటేనే అడుగు పెడతా. లేకపోతే లేదు."

అలా మొదలైంది అడగడం. వేటవాళ్ళు మొహం మీదే కాదన్నారు, అది నయం. చెరువు పక్క తోపు కొన్న లండన్ దంపతులు మాత్రం "ఎంత మంచి ఆలోచనండీ! తప్పకుండా మాట్లాడుకుందాం!" అన్నారు. వీడు గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. మా ఇంగ్లీషువాళ్ళు 'తప్పకుండా' అన్నారంటే తలుపు వేసేసినట్టేనని ఈ గడ్డ మీద పుట్టినవాడికి నేను వేరే చెప్పాలా? అయినా చెప్పాను. గోడకు చెప్పినట్టే అయింది. వాడు ఫోన్ మీద ఫోన్ చేశాడు. నెల తిరిగేసరికి వాళ్ళ గేటుకు కొత్త తాళం పడింది.

మిగిలింది మిస్ ఫెయిర్‌హాల్. ఎనభై దాటిన మనిషి, పెళ్ళీ పెటాకులూ లేవు. ఊరి పైన చెస్ట్‌నట్ చెట్ల అడవి ఆవిడది. మేమంతా దాన్ని పైతోపు అంటాం. అడవికని కొనుక్కున్న మచ్చల మచ్చల పచ్చ కోటు వేసుకుపోతే దొంగ వేటగాడనుకుంటుందని మంచి కోటు వేయించాను. బూట్లు తుడిపించాను. చేతిలో నా ప్లమ్ పళ్ళ జాం సీసా పెట్టి, ఊరికే చూడ్డానికి వచ్చినట్టు నేనూ వెంట వెళ్ళాను.

ఆవిడ నీళ్ళలాంటి టీ పోసింది. వాడు వానల గురించి మాట్లాడాడు, ఉడతల గురించి మాట్లాడాడు. చిట్టచివరికి, "పైతోపు చాలా బావుంటుందండీ... రాత్రిపూట ఇంకా ప్రశాంతంగా ఉంటుందేమో," అన్నాడు.

వాడు అడవిలో దొరికిన కథ ఆవిడ వినకుండా ఉంటుందా? కప్పు తిప్పుతూ, "నా మోకాళ్ళు పాడుగాను, నేను పైతోపెక్కి ఏళ్ళయింది," అంది. "అక్కడెవరు తిరుగుతున్నారో, ఎవరు పడుకుంటున్నారో నాకేం తెలుస్తుంది, మిస్టర్ టాప్సెల్? తెలియని దానికి నేనేం బాధపడను." అని వాడి కళ్ళలోకి సూటిగా చూసింది.

మా ఊళ్ళో ఇంతకన్నా పెద్ద 'సరే' లేదు. ఇంకెవడైనా అయితే టీకి థాంక్స్ చెప్పి, ఆ సాయంత్రమే పట్టా భుజాన వేసుకుని పోయేవాడు. మావాడు గొంతు సవరించుకుని, "అంటే... సరేనన్నట్టేనాండీ?" అన్నాడు.

"ఇంకాస్త టీ?" అంది ఆవిడ.

దారి పొడుగునా తిట్టాను. "నీ మొహం! పళ్ళెంలో పెట్టి ఇస్తే తినడం రాదూ?"

"సరే అని నోటితో అనలేదుగా."

"అంటే పూచీ ఆవిడ నెత్తిన పడుతుంది. అందుకే అనలేదు, తింగరోడా!"

"అలా అయితే నేను మళ్ళీ దాక్కునే పడుకోవాలి. ఆకు కదిలితే లేచి కూర్చోవాలి. అది నిద్రేనా, బెరిల్?"

వాడి మాట నిజమే. కానీ వాడు చేసింది మాత్రం పరమ తెలివితక్కువ పని. మర్నాడే ఒక్కడూ వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఉన్నదున్నట్టు అడిగేశాడు: నిప్పు గుంటలోనే వేస్తాను, పచ్చికొమ్మ తుంచను, చెత్త వదలను, మీ అడవిలో రాత్రిపూట పడుకోవచ్చా?

"అయ్యో, అడక్కుండా ఉండాల్సింది," అందట ఆవిడ. "అడిగారు గనక నేను జవాబు చెప్పాలి. జవాబు చెప్పాలంటే రూపర్ట్‌ని అడగాలి."

రూపర్ట్ ఆవిడ తమ్ముడి కొడుకు. ఆవిడ వ్యవహారాలన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. అడిగితే ఏమంటాడు? నిప్పంటాడు, ఇన్సూరెన్సంటాడు. "యజమాని దగ్గరుండి చూసుకోకుండా బయటివాళ్ళెవరూ రాత్రిపూట ఉండటానికి వీల్లేదు" అని తేల్చేశాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఊళ్ళో అడిగితేనే పెట్టరు.

ఆ శరత్కాలమంతా వాడు మనిషి కాదు. సందుల వెంట నడిచేవాడు, వానలో కూడా. తింటూ తింటూ లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. ఒక రోజు పాఠం చెబుతూ కారులోనే కళ్ళు మూతలు పడ్డాయి, రెప్పపాటు. నడుపుతున్న పిల్ల తనే బ్రేకు వేసింది కాబట్టి సరిపోయింది, ఎదురుగా పాల లారీ. ఆ సాయంత్రమే వాడు కారు మీది ఎల్ బోర్డు ఊడదీసి గరాజులో పడేశాడు. నాకు భయం పట్టుకుంది. ఇలాగే పోతే ఈ చలికాలం వీడు దాటడనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గాని, వంట చేస్తూ ఏడ్చేదాన్ని.

అలాంటి ఒక పొద్దున్న మా వంటింటి తలుపు ఎవరో కర్రతో తట్టారు. మిస్ ఫెయిర్‌హాల్. బయట ఆవిడ డొక్కు ల్యాండ్‌రోవర్ ఇంకా గురగురలాడుతోంది. డెరెక్ నా బల్ల దగ్గరే ఉన్నాడు, తినని రొట్టె ముందు.

"రూపర్ట్ మాట నేను మళ్ళీ ఆలోచించాను," అంది, కూర్చోకుండానే. "యజమాని దగ్గరుండాలన్నాడు. యజమానిని నేనే. శనివారం మీకు కుదురుతుందా?"

నాకు నవ్వాగలేదు. డెరెక్ మాత్రం పాలిపోయాడు.

"మీరా? పైతోపులోనా? రాత్రంతా?"

"చిన్నప్పుడు ఆడపిల్లలు పడుకోకూడదని మా నాన్న. తర్వాత అది మా తమ్ముడిది, వాడికి అడవంటే కలప లెక్కే. నా చేతికొచ్చేసరికి ఈ మోకాళ్ళు. నా తోపులో నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు, మిస్టర్ టాప్సెల్. ఇదిగో, అడుగుతున్నాను. నన్ను తీసుకెళ్తారా?"

వాడు నేల చూశాడు. "చలి ఎక్కువండీ... మీ మోకాళ్ళూ అవీ... రూపర్ట్‌గారేమంటారో... ఆలోచించి చెబుతానండీ."

నా ఒళ్ళు మండింది. "ఆలోచిస్తావా? ఆ లండన్ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నావా ఈ మాట? ఇన్నాళ్ళూ నీకు కావలసిందేంటి, ఇప్పుడు నువ్వు చేస్తున్నదేంటి?"

"అది కాదు, బెరిల్." తల ఎత్తకుండానే అన్నాడు. "నాకు నిద్ర పడితే? నేను నిద్రపోయినప్పుడు ఆవిడకేమన్నా అయితే?"

నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను.

మిస్ ఫెయిర్‌హాల్ మాత్రం ఆ మాట విని కూడా తొణకలేదు. ఎనిడ్ సంగతి ఆవిడకు తెలుసో తెలీదో. "అయితే అవుతుంది," అంది. "నా అడవి, నా చావు. మీరు టీ బాగా పెట్టండి చాలు. లేదంటే లేదనండి, నాకు వినబడేలా."

వాడు రొట్టె పళ్ళెం పక్కకు జరిపాడు. "సరేనండీ," అన్నాడు. "శనివారం."

శనివారం పగలంతా వాడికి ఆవిడ పడక కట్టడంతోనే సరిపోయింది. పడిపోయిన చెస్ట్‌నట్ కర్రలు ఏరి మంచెలా నేలకు ఎత్తుగా కట్టాడు, ఆ చెట్ల ముళ్ళకాయలన్నీ ఊడ్చాడు, ఎండు ఫెర్న్ ఆకులు మోకాలెత్తున పరిచి పైన గొర్రెతోలు వేశాడు. గాలి వచ్చే వైపు పట్టాను కిందికి దించి కట్టాడు. వేడినీళ్ళ సీసాలు నేనిచ్చాను. ఆవిడ ల్యాండ్‌రోవర్‌లో అడవి దారి ఉన్నంత దూరం పోయి, మిగతా దూరం మా ఇద్దరి భుజాలూ పట్టుకుని నడిచింది. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, పడకెక్కి, "బావుంది," అంది. నన్ను ఇంటికి పొమ్మంది.

ఆ రాత్రి ఎలా గడిచిందో నేనడగలేదు. తెల్లారీ తెల్లారకముందే ఫ్లాస్కు పట్టుకుని ఎక్కాను. మంచు పట్టింది. పొగ వాసన ముందు తగిలింది, తర్వాత మంట కనిపించింది. డెరెక్ చెట్టుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టాడు.

"ఊపిరి ఆడుతోంది," అన్నాడు గుసగుసగా. "మధ్యలో ఒకసారి ఆగినట్టనిపించింది. దగ్గరికెళ్ళి చూశా. ఆడుతోంది."

"నువ్వు పడుకోలేదా?"

తల అడ్డంగా ఊపాడు. దుప్పట్ల కుప్ప మీదనుంచి వాడి చూపు మాత్రం కదల్లేదు. నేను పక్కన కూర్చున్నాను. అడవిపావురాలు కూయడం మొదలుపెట్టాయి. ఆ కుప్ప కదల్లేదు. ఇంకా కదల్లేదు. నేనూ లేవబోయాను.

దుప్పటి అంచు కిందికి జరిగి ఒక కన్ను తెరుచుకుంది. "టీ ఏదీ?" అంది మిస్ ఫెయిర్‌హాల్.

డెరెక్ లేచి నిలబడ్డాడు. కప్పు అందుకోబోయి కిందికి జారవిడిచాడు.

"లేచారు," అన్నాడు.

"లేవక?"

వాడు తడి ఆకుల మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎనిడ్‌ని పూడ్చిన నాడు కూడా వాడు ఏడవలేదు. మిస్ ఫెయిర్‌హాల్ పుట్టినలాంటి పెద్ద ఇళ్ళల్లో మగాడు ఏడిస్తే చూడకూడదు. అందుకని ఆవిడ మర్యాదగా చెట్ల కొమ్మల కేసి చూస్తూ, "పాలు తక్కువైనా ఫర్వాలేదు," అంది నాతో.

నేను ఫ్లాస్కు మూత తీసి, ఆవిడకు పోసి, వాడికి పోసి ఇటు తిరిగేసరికి వాడు పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. తల సంచీ మీద, బూట్లు కాళ్ళకే, నోరు కొంచెం తెరుచుకుని. గురక కూడా. నా కోటు విప్పి కప్పాను. కదల్లేదు.

"మిమ్మల్ని దింపొస్తాను రండి," అన్నాను ఆవిడతో మెల్లగా. "రూపర్ట్‌గారు ఫోన్ చేస్తారేమో, కంగారు పడతారు."

"పడనీ," అంది. "ఈయన లేచేదాకా నేను కదలను."

నా చెయ్యి పట్టుకుని మంచె దిగి, వాడు మొద్దు కోసి చేసిన పీట లాక్కుని, వాడి ముఖం మీదికి ఎండ రాకుండా అడ్డంగా కూర్చుంది.