పర్చూరు పంతులు ఇంగ్లీషు బడి వెతికిన రెండు రోజులు

పర్చూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సు పొద్దున్న ఐదుంపావుకి బయల్దేరింది. ఆ బస్సు ఎందుకెక్కానో ముందు చెప్పాలి. నేను ఆరేళ్ళుగా న్యూజిలాండులో ఒక తెలుగువాళ్ళ గుడిలో అర్చకుణ్ణి. ఇన్నేళ్ళలో దేవుడితో నాకు భాషా సమస్య రాలేదు. వచ్చిందల్లా అక్కడి ఆఫీసులతోనే. నా వీసా పొడిగించాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలన్నారు. ఒకసారి రాశాను, మాట్లాడే భాగంలో తప్పాను. రెండోసారి కూడా తప్పితే గుడి కమిటీ ఇంకో అర్చకుణ్ణి తెచ్చుకుంటుంది. నేనూ, నా భార్యా, అక్కడ బళ్ళో చదువుకుంటున్న మా అమ్మాయీ పెట్టెలు సర్దుకోవాలి.

అక్కడి ఇంగ్లీషు బళ్ళ ఫీజులు కనుక్కున్నాను. ఒక నెల ఫీజు పెడితే మా ఇంటి అద్దె రెండు నెలలు కట్టొచ్చు. అందుకని రెండు నెలలు సెలవు పెట్టి, ఇక్కడే నేర్చుకుని పోదామని వచ్చాను. ఇంగ్లీషు మాట్లాడే దేశంలో కాపురం ఉంటూ ఇంగ్లీషు కోసం పర్చూరు వచ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఒకవేళ నాలాంటివారు ఇంకెవరైనా ఉంటే పనికొస్తాయని ఈ వివరాలు రాస్తున్నాను.

తోడు కోటయ్య. ఐదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నాడు. తర్వాత నేను వేద పాఠశాలకి వెళ్ళాను, వాడు మిరప చేలోకి వెళ్ళాడు. వాడి మిరపకాయలు ముందు రోజే లారీలో గుంటూరు యార్డుకి వెళ్ళాయి. "నాతో రారా పంతులూ, నా కాయ అమ్మాక నీ బడి నేను చూసి పెడతా" అన్నాడు. ఇంగ్లీషులో వాడికి వచ్చింది సంతకం ఒక్కటే, అదీ పొట్టి సంతకం.

బస్సు నిండా ఆడవాళ్ళే. వాళ్ళకిప్పుడు టిక్కెట్టు లేదు, సీటుంది. మాకు టిక్కెట్టుంది, సీటు లేదు. నా పిలక చూసి ఒకావిడ, "పంతులుగారూ, మా అమ్మాయికి ముహూర్తాలు ఎప్పట్నుంచి ఉన్నాయండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు కోటయ్య, "ఆయన పరీక్షకే ముహూర్తం దొరక్క తిరుగుతున్నాడమ్మా" అన్నాడు. చిలకలూరిపేటలో బస్సు మారి, గుంటూరులో దిగేసరికి ఏడుంపావు. ఇద్దరికీ కలిపి టిక్కెట్లు రెండు వందలు దాటాయి. కోటయ్య నాలుగు ఇడ్లీ తిన్నాడు. నేను బయట ఉడికినది తినను కాబట్టి రెండు అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాను. దానిమీద వాడు చేసిన వ్యాఖ్యలు ఇక్కడ రాయను.

యార్డు గేటు ఇంకా కనపడకముందే మొదటి తుమ్ము వచ్చింది. లోపల ఎటు చూసినా సంచులే, ఎవరి మాటైనా దగ్గుతోనే మొదలవుతుంది. కోటయ్య సంచుల దగ్గరికి కొనుగోలుదారు వచ్చాడు. సంచి మూతి దగ్గరి కాయ వంక చూడను కూడా చూడలేదు. సంచి పక్కన కోసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, నడిమధ్య నుంచి గుప్పెడు లాగాడు. ఒక కాయ విరిచాడు, ఇంకోటి చెవి దగ్గర ఊపాడు, తెల్లబడిన తాలు కాయలేమైనా ఉన్నాయా అని వెతికాడు. చెప్పిన ధర కోటయ్యకి నచ్చలేదు. నచ్చిందని ఏ రైతూ ఆ యార్డులో ఒప్పుకోగా నేను వినలేదు. సరుకు మాత్రం పది గంటలకల్లా అమ్ముడైంది.

"చూశావుగా? బడి కూడా ఇట్టానే చూడాల. మూతి దగ్గర ఎవడి కాయైనా ఎర్రగానే ఉండిద్ది" అన్నాడు.

మొదటి బడి పెద్ద రోడ్డు మీద, మూడో అంతస్తులో. అద్దాల తలుపు, లోపల చలి. కౌంటరు దగ్గరున్న అమ్మాయి నన్ను చూడగానే లేచి నిలబడి, "పూజ రేపు కదండీ పంతులుగారూ, ఇవాళే వచ్చేశారేంటి?" అంది. పక్క గదిలో కొబ్బరికాయలు, గుమ్మడికాయ సిద్ధంగా ఉన్నాయి. నేను పంతులుగా కాదు, విద్యార్థిగా వచ్చానని చెప్తే ఆమె నమ్మడానికి కొంచెం సేపు పట్టింది. నమ్మాక ఇంగ్లీషులోకి మారిపోయింది. అందులో నాకు స్పష్టంగా అర్థమైన మాట ఇరవై ఎనిమిది వేలు. గోడ మీద పరీక్ష నెగ్గిన వాళ్ళ ఫోటోలు వరసగా ఉన్నాయి. నేను ఆ వరసలో నా ఫోటో ఎక్కడ సరిపోతుందో చూసుకుంటున్నాను. అప్పటికే కోటయ్య నా పక్కన లేడు.

కిందికి దిగితే టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. పై బడిలో చదివేవాళ్ళే. "చెప్పండి బాబూ, మా వాడికి కూడా చెప్పండి" అన్నాడు. వాళ్ళలో ఒకతను మొహమాటపడుతూ, "ఆర్నెల్లయిందండీ. సార్ బాగా మాట్లాడతారు. మాకింకా అవకాశం రాలేదు. ఏసీ అయితే బాగుంటది" అన్నాడు. కోటయ్య నా వంక చూసి చెయ్యి తుడుచుకున్నాడు, సంచిలోంచి తీసినట్టే.

మధ్యాహ్నం ఒక పార్కు బెంచీ మీద నా పెరుగన్నం మూట విప్పాను. కోటయ్య హోటల్లో తిని వచ్చి మరీ అందులో సగం తిన్నాడు. రెండున్నరకి ఆటోలో నల్లపాడు వెళ్ళాం, మనిషికి ఇరవై. రెండో బడి అక్కడ ఒక ఇంటి మేడ మీద ఉంది. మెట్లెక్కుతుంటేనే పాతికమంది ఒకే గొంతుతో వల్లె వేస్తున్న చప్పుడు వినపడింది. మా పాఠశాల గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారు మంచి మనిషి. కోర్సు మొత్తానికి రెండు వేలే. పరీక్షలో అడిగే ప్రశ్నలకి అరవై జవాబులు అచ్చు వేసి ఉన్నాయి, అవి బట్టీ కొట్టడమే చదువు.

నా చేతికి రెండు కాగితాలిచ్చారు. పావుగంటలో అప్పజెప్పాను. మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. "స్వామీ, మీరు ఫీజు కట్టక్కర్లేదు, మా పిల్లలకి మీరే నేర్పండి" అన్నారు. నాకు గాల్లో తేలినట్టయింది. చేరిపోదామని జేబులో చెయ్యి పెట్టాను.

"ఆగరా" అన్నాడు కోటయ్య. "మాస్టారూ, మా వాడు పొద్దున ఏం తిన్నాడో ఇంగ్లీషులో అడగండి."

ఆయన అడిగారు. రెండు అరటిపళ్ళని చెప్తే సరిపోయేది. నా నోట్లోంచి మొదటి కాగితం బయల్దేరింది: మై నేటివ్ ప్లేస్ ఈజ్ ఏ బ్యూటిఫుల్ టౌన్. మాస్టారు మధ్యలో ఆపి మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. పాతికమందీ నవ్వారు. కోటయ్య నవ్వలేదు.

మెట్లు దిగాక వాడికి నిజం చెప్పాల్సి వచ్చింది. పరీక్ష రోజు గొంతు పట్టేసిందని ఊళ్ళో అందరికీ చెప్పాను. అది అబద్ధం. గొంతు ఖంగుమంది. మా పాఠశాలలో ఒక నియమం ఉంది. వల్లె వేసేటప్పుడు ఎక్కడ ఆగినా మళ్ళీ మొదటి నుంచి అందుకోవాలి. పన్నెండేళ్ళు అదే అలవాటు. పరీక్షకి నలభై జవాబులు కంఠస్థం చేసుకుని వెళ్ళాను. ఆ పరీక్షకురాలు మధ్యలో ఆపి ఏదో అడిగింది. నేను మొదటికి వచ్చాను. మళ్ళీ ఆపింది. మళ్ళీ మొదటికి వచ్చాను. పర్చూరులో పొగాకు పండుతుందని ఆవిడకి మూడుసార్లు చెప్పాను, అదీ స్వరం తప్పకుండా.

కోటయ్య అక్కడే మెట్ల మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత, "ఇంటికాడ వాళ్ళకి చెప్పావా?" అన్నాడు. చెప్పలేదన్నాను. వాడు నా సంచి కూడా తనే పట్టుకున్నాడు.

రాత్రి స్టేషను దగ్గర లాడ్జీలో పడుకున్నాం. గదికి ఏడు వందలు, శుభ్రంగానే ఉంది. దోమల సంగతి కోటయ్య గురకే చూసుకుంది. పొద్దున్న ఏడు గంటలకి చీరాల టిక్కెట్ల కోసం వరసలో నిలబడ్డాం. చీరాలలో దిగి, బస్సులో పర్చూరు పోయి, ఇంకేదైనా ఆలోచిద్దామనుకున్నాం. మా ముందున్నతను ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. లుంగీ కట్టుకున్నాడు, చేతిలో గోనెసంచి. ఎవరితోనో వాదిస్తున్నాడు, నవ్వుతున్నాడు, మాట దొరకనప్పుడు ఆగి వెతుక్కుని, ఆగిన చోటునుంచే మొదలుపెడుతున్నాడు. ఫోను పెట్టెయ్యగానే కోటయ్య అతని భుజం తట్టాడు.

"ఎక్కడ నేర్చావయ్యా?"

అతనిది కొత్తపట్నం. ఓడలో వంటవాడట, సెలవు మీద వచ్చాడు. "ఒంగోల్లో ఝాన్సీ మేడంగారి దగ్గరండీ. బోర్డు కూడా ఉండదు, నాతో రండి చూపిస్తా" అన్నాడు. రెండు చీరాల టిక్కెట్లు కాస్తా రెండు ఒంగోలు టిక్కెట్లయ్యాయి. ఏడున్నర రైలు ఏడూ యాభైకి కదిలి, పదిన్నరకి ఒంగోలులో దింపింది. జనరల్ పెట్టెలో బాపట్ల దాకా నిలబడే ఉన్నాం.

ఓడ వంటవాడు మమ్మల్ని ఆ గుమ్మం దాకా తెచ్చి వదిలి వెళ్ళాడు. ఝాన్సీగారు రిటైరైన టీచరు. వరండాలో ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, నలుగురు నర్సులు. నెలకి పదిహేను వందలు, వారానికి మూడు రోజులు. నేను కూర్చోగానే మీ గురించి చెప్పండన్నారు. సంతోషంగా మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆపారు.

"మీ పేరు నాకు గుర్తుందండీ, మళ్ళీ చెప్పక్కర్లేదు" అన్నారు తెలుగులో. "ఇది చెప్పండి. అక్కడ మీరు ఎవరికైనా చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఏదైనా ఉందా?"

ఉంది. ఇక్కడైతే అపరకర్మలు చేయించడానికి వేరే బ్రాహ్మలుంటారు. అక్కడ అన్నిటికీ నేనే. పోయినేడు ఒకాయన పోతే కొడుకులు లేక కూతురు చేసింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు రాదు. తర్పణం వదులుతూ మధ్యలో ఆగి, మా నాన్న ఇప్పుడు ఎక్కడున్నారు అని ఇంగ్లీషులో అడిగింది. ప్రశ్న నాకు బాగా అర్థమైంది. నేను "యెస్, యెస్, సిట్" అని మంత్రం మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను. ఆ పిల్ల తల వంచుకుని నీళ్ళు వదిలింది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆ అమ్మాయి ఇక్కడే కూర్చుందనుకోండి. ఇప్పుడు చెప్పండి" అన్నారు ఝాన్సీగారు.

మార్చి నెల ఎండ. చెమట పిలక దాకా పట్టింది. చాలాసేపటికి, "యువర్ ఫాదర్ నాట్ గాన్ ఫార్" అన్నాను. ఆగాను. మొదటికి పోబోతుంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు. "యూ గివ్ వాటర్. హి డ్రింక్. వేర్, ఐ డోంట్ నో. మై ఫాదర్ ఆల్సో. ఐ గివ్, హి డ్రింక్." ఆవిడ ఒక్క తప్పు కూడా దిద్దలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు. నేను అక్కడే పదిహేను వందలు కట్టేశాను.

పన్నెండూ నలభైకి చీరాల వైపు రైలు దొరికింది. కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. బడి వెతుక్కునేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. ఫోటోలు చూడకండి, అచ్చు కాగితాలు చూసి మురవకండి, కోటయ్య లాంటివాడు దొరికితే వెంట తీసుకెళ్ళండి. నేను పరీక్ష నెగ్గుతానో లేదో తెలియదు. మెట్ల మీద చెప్పిన నిజం మాత్రం ఆ సాయంత్రమే ఫోన్లో నా భార్యకి కూడా చెప్పాలని అనుకున్నాను.

చినగంజాం ఉప్పు మడులు దాటుతుండగా కోటయ్య, "ఇందాక ఆ మేడంగారికి ఏం చెప్పావురా?" అని అడిగాడు. నువ్వు నీళ్ళు వదిలితే మీ నాన్న తాగుతాడు, దూరం పోలేదు అని చెప్పానన్నాను.

వాడు కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగాడు. "నువ్వు దేశం పోకముందు మా నాయన పోయినప్పుడు, ఆ పని చేసే అయ్యగారు దొరక్కపోతే నువ్వేగా చేయించావు. పదకొండో రోజు చెరువు గట్టున గంటసేపు నా చేత నీళ్ళు వదిలించావు. నాకెందుకు చెప్పలేదురా ఈ మాట? నాకు తెలుగొచ్చుగా."

వాడు అడగలేదు కాబట్టి చెప్పలేదని అనబోయి మానుకున్నాను. ఆ రోజు వాడి మొహం వంక కూడా నేను చూసినట్టు లేదు, మంత్రం ఎక్కడ తప్పుతుందోననే ధ్యాసలో ఉన్నాను.

"తప్పయిందిరా" అన్నాను.

"తప్పు సంగతి సరేలే. నిజంగా తాగుతాడా?"

"తాగుతాడు."

వాడు తల ఊపి, కొంచెం ఆలోచించి, "మా నాయన మధ్యానప్పూట ఉత్త నీళ్ళు తాగడురా. మజ్జిగుండాల" అన్నాడు. రైలు వేటపాలెం దాటింది. శాస్త్రం ఏమంటుందో నాకు తెలుసు, మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పగలను.

"అయితే ఈసారి మజ్జిగే పొయ్యరా" అన్నాను.