రెండు మెట్ల పరీక్ష

నారు కట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడుస్తుంటే గుండెల్లో పట్టేసినట్టయింది. కట్ట పడేసి కూలబడ్డాను. అప్పటికి నాకు నలభై దాటాయి. మా అమ్మ ఆ వయసులోనే గుండె నొప్పితో పోయింది.

నెల్లూరులో ఈసీజీ తీశారు. "చిన్న తేడా ఉందమ్మా. గుండె జబ్బు కావచ్చు, బరువు పనులు వద్దు" అన్నారు డాక్టరుగారు. ఇక మనుబోలులో మా ఇంట్లో నాకు మంచమే గతి అయింది. చేద ముట్టుకుంటే అత్తమ్మ లాక్కునేది. "నువ్వు కదలబాకమ్మా! నీకేమన్నా అయితే మాకు దిక్కెవురు?" అనేది. పడుకున్నకొద్దీ నీరసం, ఆయాసం, వాటితోపాటు భయం పెరిగాయి.

చివరికి మా ఆయన మద్రాసు తీసుకువెళ్ళాడు. అక్కడి తెలుగు డాక్టరమ్మ నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, రక్తపరీక్ష చేయించింది.

"హిమోగ్లోబిన్ బాగా తక్కువ. ఈసీజీలో తేడా, ఆ నొప్పి దానివల్ల కూడా రావచ్చు. ముందు రక్తం పట్టాలి. తర్వాత ఎక్సర్‌సైజ్ టెస్ట్ చేద్దాం. పడుకున్నప్పుడు గుండె అన్నీ చెప్పదు" అంది.

ఆమె రాసిచ్చిన ఐరన్ మాత్రలకు కడుపులో తిప్పి మధ్యలో మానేశాను. ఆయాసం తిరగబెట్టింది. బుద్ధి తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

కొన్ని నెలలకు అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని మళ్ళీ మద్రాసుకు, టెస్టుకు వెళ్ళాం. రెండే మెట్లున్న చెక్క బల్ల. ఇటు ఎక్కి అటు దిగాలి, మళ్ళీ తిరిగి రావాలి. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను.

"ఇదేందమ్మా! గుండె జబ్బని వస్తే మెట్లెక్కిస్తా ఉండారు?" అంది అత్తమ్మ.

"ఆపాల్సి వస్తే నేనే ఆపుతాను పెద్దమ్మా" అని డాక్టరమ్మ నా పక్కనే నిలబడింది.

ఎక్కడం మొదలుపెట్టాను. అమ్మ కళ్ళలో మెదిలింది. నొప్పి ఇప్పుడొస్తుందా, ఇప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి అత్తమ్మే "ఎక్కు! దిగు!" అని తాళం వేయసాగింది. నాకు నవ్వాగలేదు.

వెంటనే పడుకోబెట్టి ఈసీజీ తీశారు. డాక్టరమ్మ ఆ కాగితం పట్టీ అంతా చూసి తలెత్తింది.

"నార్మల్. గుండె శ్రమకు తట్టుకుంటోంది."

"పొలం పనికి పోవచ్చా?"

"నిక్షేపంగా! కానీ మీ అమ్మ గుండె నొప్పితో పోయిందన్నావు కదా, ఏటా వచ్చి కనపడు."

అత్తమ్మ డాక్టరమ్మ గడ్డం పట్టుకుని ఏడ్చేసింది. ఆ సాయంత్రం సముద్రపు ఒడ్డున ఇసుకలో కూర్చుని ముగ్గురం మిరపకాయ బజ్జీలు తిన్నాం.

ఇప్పుడు ఇల్లూ పొలమూ నేనే చూసుకుంటున్నాను. ఏటా మద్రాసు ప్రయాణానికి నాకంటే ముందు అత్తమ్మే తయారవుతుంది. అక్కల్లారా, ఒక్క మాట. ఆయాసమో గుండెల్లో నొప్పో వస్తే ఓర్చుకుని ఊరుకోకండి. ఏ పని చేస్తుంటే వచ్చిందో, ఎంతసేపటికి తగ్గిందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.