తొట్టిలో మరిగే నీళ్లు

1966. బోధన్ దగ్గర చెరకు ఊళ్ల నడుమ ఉన్న ఒక చిన్న డిస్పెన్సరీలో నేను నర్సును. షుగర్, బీపీ లాంటి వదలని జబ్బులున్నవాళ్లను ఏటా చెరకు కోతలకు ముందు పిలిపించి మూత్రం, బీపీ, కళ్లు, పాదాలు అన్నీ ఒకే పూటలో చూసేవాళ్లం. బండి కట్టుకుని వచ్చే మనిషిని ఒక్కోదానికి ఒక్కోసారి తిప్పితే మళ్లీ మన ముఖం చూడడని మా డాక్టరుగారి నమ్మకం.

అన్నింటికీ ఒప్పుకునేవారు గానీ పాదాల దగ్గర మొండికేసేవారు. మందులిచ్చే సిస్టరమ్మ తమ కాళ్లు ముట్టుకోవడమా! నాకు విసుగొచ్చి, ఇంటికొచ్చినవాళ్లకు కాళ్లకు నీళ్లిచ్చినట్టు, గుమ్మం ముందు రేకు తొట్టి పెట్టించాను. వాళ్లు కడుక్కుంటుంటే పుండ్లు, పగుళ్లు నా కంట పడేవి.

ఆ ఏడు నందిపేట వైపు నుంచి గంగారాం వచ్చాడు. చెరకు బండి తోలేవాడు, షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. భార్య రాజవ్వ వాకిట్లో ఎడ్లను విప్పుతోంది. చలిగా ఉందని మా ఆయా మరిగే నీళ్లు తొట్టిలో పోసి, కలపడానికి చన్నీళ్లు తేబోయింది. నేను ఆగమనేలోపే గంగారాం రెండు కాళ్లూ అందులో పెట్టేశాడు.

పెట్టి, అలాగే నిలబడ్డాడు. ఆవిరి మోకాళ్ల దాకా లేస్తుంటే ఎడ్లకు మేత వేయమని రాజవ్వకు చెబుతున్నాడు. చెయ్యి పట్టి ఇవతలికి లాగాను. చర్మం అప్పటికే ఎర్రగా కమిలిపోయింది.

"కాలుతలేదా అన్నా?"

అతను తన కాళ్లు చూసుకోలేదు, భార్య వైపు చూశాడు. "మా ఆమెకు చెప్పకు సిస్టరమ్మా. ఏడాదాయె, కాళ్లు నాయి కానట్టున్నయి. పెద్దరోగమే ఇది."

పెద్దరోగమంటే కుష్ఠు. అతని తండ్రికి వస్తే ఊరవతల గుడిసెలో ఉంచారట. "దూరంకెళ్లి కట్టెతోటి బువ్వగిన్నె జరిపింది నేనే" అన్నాడు. అందుకే ఎడ్లకు కాపలా అని వంక చెప్పి, ఏడాదిగా గొడ్ల కొట్టంలో పడుకుంటున్నాడు.

నేను భయపడలేదంటే అబద్ధం. కట్టు కడుతూ, వేళ్లు అతని చర్మానికి తగలకుండా గుడ్డ అంచులే పట్టుకున్నాను. అతనూ అది చూశాడు.

డాక్టరుగారు ఒంటిమీద మచ్చలు వెతికారు, మోచేతుల దగ్గర నరాలు తడిమారు. ఏమీ లేదు. బెనిడిక్ట్ సొల్యూషన్ అనే నీలం మందులో మూత్రం చుక్కలు వేసి కాచాను. ఇటుక రంగుకు తిరిగింది, అంటే షుగర్ బాగా ఎక్కువ. అది ఏళ్ల తరబడి అదుపు తప్పితే కాళ్ల నరాలు మొద్దుబారతాయి. దాన్ని న్యూరోపతి అంటాం. ఇది పెద్దరోగం కాదని, ఒకవేళ అదే అయినా ఇప్పుడు మందుందని, ఎవరూ ఇల్లు విడవనక్కర్లేదని డాక్టరుగారు నచ్చజెప్పారు. తిండి గురించి, చెప్పుల గురించి కూడా చాలా చెప్పారు. గంగారాంకు అవేవీ ఎక్కినట్టు లేదు.

"అయితే నేను ఇంట్ల పండుకోవచ్చా?" అని ఒక్కటే అడిగాడు.

పడుకోమన్నారు. మరిగే నీళ్లలో చలించని మనిషి అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆ తర్వాత నేను పనిచేసిన అన్నేళ్లూ తొట్టిలో ముందు నా చెయ్యి పెట్టి చూశాకే ఎవరినైనా కాళ్లు పెట్టనిచ్చాను. కడుక్కుంటుండగా, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నారని మాటల్లో మాటగా అడిగేదాన్ని. జవాబు చెప్పడానికి ఎవరైనా తడబడితే, కాళ్లు మొద్దుబారిన సంగతి ఇంట్లో దాచి ఈ మనిషీ గొడ్ల కొట్టంలో పడుకుంటున్నాడేమోనని నాకు భయం.