ఎడమ మూల మనిషి

సౌదీలో అల్ ఖోబర్ శివార్లలోని మా క్యాంపులో బుచ్చన్న పరంజీల ఫోర్‌మన్. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి పందొమ్మిదేళ్లయింది. మాట తక్కువ. కట్టిన పైపును రెండు చేతులతో ఊపి చూస్తాడు; నచ్చితే ముందుకు నడుస్తాడు, నచ్చకపోతే అక్కడే నిలబడతాడు. కట్టినవాడికి అర్థమైపోతుంది.

క్యాంపు వెనక ఇసుకలో ఆడే కబడ్డీ జట్టుకూ ఆయనే పెద్ద. పదకొండేళ్లు ఎడమ మూల ఆయనది. కూతకు వచ్చినవాడు కాలు చాపితే మడమ పట్టేవాడు. ఆ పట్టు జారగా నేను చూడలేదు.

మొన్నటి చలికాలం ఆయన మోకాలు మొరాయించింది. దగ్గరి పట్టణం ఖతీఫ్ జట్టుతో ఆట వారంలో ఉంది. ఆ మూల కోసం ఇద్దరు పోటీపడ్డారు. ఒకడు నాగేందర్, బుచ్చన్న అక్క ముత్యవ్వ కొడుకు; ఆయనే వీసా చూసి రప్పించాడు. రెండోవాడు అఖీల్, రాయచోటి వాడు, నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు.

నాలుగు సాయంత్రాలు చూసి తేలుస్తానన్నాడు బుచ్చన్న. ఎవరి కూతలో ఎవరు పట్టారో రాసే పని నాకిచ్చాడు. మూడో సాయంత్రానికి అఖీల్ తొమ్మిది మందిని పట్టాడు, నాగేందర్ నలుగురిని. ఇక ఖాయమే అనుకున్నాం. అప్పుడు అఖీల్ చెమట తుడుచుకుంటూ బుచ్చన్న దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఒక మాట. ఏమనుకోవద్దు."

"జెప్పు."

"లింబాద్రిని నా మీదికి ఒక్కసారన్నా పంపినావా నువ్వు? మూడు దినాలూ నాగేందర్ మీదికే తోలినావు. నా మీదికి ఊపిరి నిలబడనోళ్లంతా వస్తాండారు."

లింబాద్రి మా జట్టులో కూతకు అందరికన్నా గట్టివాడు.

"నువ్వే గెలుస్తున్నవ్ గద. నీకేం బాధ?"

"ఇట్ల గెలిస్తే ఖతీఫోళ్ల ముందర పరువు పోతాది. చెడుగుడు మా ఊర్లోనూ ఆడతామన్నా."

బుచ్చన్న నా వైపు తిరిగాడు. పుస్తకం చూపించాను. కూతకెళ్లిన వాళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి. మూడు రోజులుగా రాస్తున్నది నేనే, నాకూ తట్టలేదు.

"మేనల్లుడని మెత్తగ జూసిండు అంటరని భయపడ్డ," అన్నాడు మెల్లగా. "గా భయమంతా పోరని నెత్తిన పెట్టిన."

నాలుగో సాయంత్రం ఇద్దరి మీదికీ లింబాద్రినే పంపాడు, చెరి ఎనిమిది సార్లు. అఖీల్ తొందరపడి పక్కవాడి చెయ్యి ముందే వదిలేసేవాడు. లింబాద్రి కాలు చూపించి వెనక్కి లాక్కునేవాడు. అఖీల్‌కు రెండే దొరికాయి. నాగేందర్ ఆ కాలు లోపల పడేదాకా చెయ్యి వదల్లేదు. అయిదు పట్టాడు.

ఇప్పుడు ఆ పేరు పైకి చెప్పడం బుచ్చన్నకు కష్టమైంది. అందరూ ఇసుకలో కూర్చుని చూస్తున్నారు. కాసేపు మోకాలు రాసుకున్నాడు.

"నాగేందర్," అన్నాడు చివరికి.

"మామ ఉండంగ మూల ఏడికి వోతది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. బుచ్చన్న తల దించుకున్నాడు.

"ఎవురప్పా అనింది?" అఖీల్ ఇసుక దులుపుకుంటూ లేచాడు. "ముందరికి రా. లింబాద్రి ఈడే ఉండాడు. నువ్వూ ఒక్కసారి నిలబడు, చూస్తాం."

ఎవరూ లేవలేదు.

శుక్రవారం ఆటలో, మొదటి కూతలోనే ఖతీఫ్ వాడు నాగేందర్ భుజం తాకి వెళ్లిపోయాడు. నాగేందర్ ఔటై బయటికొచ్చి, మామ ముఖం చూడకుండా దూరంగా కూర్చున్నాడు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. బుచ్చన్న పక్కనే ఉన్న అఖీల్ వైపు వంగాడు.

"నువ్వు పోతవా లోపలికి?"

అఖీల్ బరి వైపు చూశాడు. ఆడాలని వాడికీ ఉంది.

"నేనైతే వాణ్ణి మార్చనన్నా," అన్నాడు. "పొమ్మంటే పోతా. నోళ్లు మూయిచ్చేదానికైతే మాత్రం నన్ను పంపొద్దు."

బుచ్చన్న మళ్లీ ఆట వైపు తిరిగాడు. అవతలి నుంచి కూతకొచ్చిన ఇంకొకణ్ణి మనవాళ్లు పట్టారు. అలా ఒకడు దొరికితే, ఔటైన మనవాడు ఒకడు తిరిగి లోపలికి వెళ్లొచ్చు. నాగేందర్ లేచి మామ వైపు చూశాడు, మళ్లీ తననే పంపుతాడో లేదోనని.

"పో," అన్నాడు బుచ్చన్న, అందరికీ వినపడేలా. "నీ మూలకు నువ్వు పో."