మండీ ఆయన కుక్కకు గుండు

చిత్తూరులో మామిడి మండీ నడిపే ఒక పెద్దమనిషిని తిరుపతి నడిబజారులో వెక్కివెక్కి ఏడిపించాను నేను. కత్తి ఆయన మీద పెట్టలేదు, ఆయన కుక్క మీద పెట్టాను.

కొండమీద యాత్రికులకు గుండ్లు కొట్టీ కొట్టీ చాలించుకున్నాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, మా వీధి చివర కుక్కలకు స్నానమూ క్షవరమూ చేసే దుకాణంలో చేరాను. పని నేర్పే గురువు నా మనవరాలి వయసు పిల్ల. చాలాకాలం గోళ్లు తీయడం, చెవులు తుడవడమే నా వంతు. ఆమె మొదటిసారి నా చేతికి కత్తెర ఇచ్చిన రోజే మండీ ఆయన వచ్చాడు. చంకలో, నేల ఊడ్చేంత జుట్టున్న చిన్న తెల్లకుక్క.

“ఎవురు పాపా ఈ ముసలాయప్ప?”

“కొండమీద పని చేసినాడు సార్. చెయ్యి తేలిక.”

“గుండ్లు గొరిగే చెయ్యి నా కుక్క మీద పడేదానికి లేదు. నువ్వే చెయ్యి. ఓ పెద్దాయనా, బయట నా చెప్పులు ఎండలో ఉండాయి, నీడకు జరుపు.”

గురువు నా చేతిలోంచి కత్తెర తీసుకుంది. నేను వెళ్లి చెప్పులు జరిపాను. ఆ రోజు నుంచి ఆయన తలకాయ నా కళ్లముందే ఉండేది. అన్నం తింటూ కూడా మనసులో దాన్ని గొరిగేవాణ్ని. చుక్క నీళ్లు తాకించకుండా, పొడితల మీదే.

మామిడికాయల హడావుడి తగ్గాక మళ్లీ వచ్చాడు. ఇన్నాళ్లూ దువ్విన పాపాన పోలేదేమో, కుక్క జుట్టు అట్టలు కట్టింది. గురువు లోపల ఇంకో పెద్ద కుక్కతో కుస్తీ పడుతూ, “తాతా, దాన్ని దువ్వతా ఉండు, వస్తా” అంది. ఆయన బయట ఫోనులో బేరం మాట్లాడుతున్నాడు. నాకింకేం కావాలి. ఆ జుట్టు దేనికీ పనికిరాకుండా చేసి, మిషను పట్టి, మెడ నుంచి తోకదాకా నున్నగా లాగేశాను.

ఆయన ఏడవలేదు లెండి. నడిబజారూ కాదు, దుకాణం లోపలే. “అయ్యో నా బంగారూ” అని తల పట్టుకున్నాడు, అంతే. గుండు కూడా సగమే నాది, మిగతాది గురువు కొట్టింది. కానీ ఆ బోడికుక్క వచ్చి ఆయన కాళ్లసందున దూరినప్పుడు నాకు కలిగిన ఆనందం ఉందే, దాన్ని ఏమాత్రం పెంచి చెప్పడం లేదు. ఆ రోజు చెప్పులు ఎండలోనే ఉన్నాయి. నేను జరపలేదు. కాళ్లు ఎత్తెత్తి వేస్తూ కారెక్కాడు.

మొన్న టీ తాగుతూ ఈ పగ కథ పక్క దుకాణం టైలరుకు చెబుతుంటే, గురువు చేతిలో దువ్వెన ఆపింది.

“పగా లేదు, గిగా లేదు టైలరన్నా. దువ్వమంటే ఈ తాత మగ్గుతో నీళ్లు పోసినాడు. కొండమీద తల తడపకుండా కత్తి పెట్టరు గదా, ఆ అలవాటు. అట్టకట్టిన జుట్టు తడిస్తే బిగిసి కంబళి మాదిరి అయిపోతాది, ఇంక గొరగాల్సిందే. మిషను పట్టుకోని, ‘పాపా, నన్ను పనిలోంచి తీసేస్తావా’ అన్నాడు. నువ్వు ఇంట్లో దువ్వకనే ఇట్లయింది సార్ అని ఆయప్పకు చెప్పి పంపింది నేను. తాతా, రేపు ఆ కుక్క మళ్లా వస్తాది. ముందు దువ్వు.”